చింతపండుతో తోమిన దేవుడు

పాత వెండిని చింతపండుతో తోమకూడదని నాకు తెలిసింది ఒక తాలూకా ఆఫీసు వరండాలో. తోమినవాడిని తప్పు పట్టలేం. పెద్ద అధికారి చూడబోయే వస్తువు మసిగా ఉంటే బాగుండదని, ఇంట్లో దీపపు కుందులు తోమినట్టే అటెండరు దాన్నీ తోమాడు. తోమి, మెరుపు చూపించి, ఒక మెచ్చుకోలు మాట కోసం నిలబడ్డాడు. అతని చేతిలో ఉన్నది గ్రీకు నాణెం. అతను కడిగి పారబోసింది ఒక ఆడమనిషి దగ్గర మిగిలిన రుజువు.

విలేకరి పనిలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎన్నికల కథలూ కొట్లాటల కథలూ అడుగుతారు. అనంతపురం జిల్లాలో అంతకాలం పనిచేసినవాడి దగ్గర అవి బస్తాలకొద్దీ ఉంటాయనుకుంటారు. ఉన్నాయి కూడా. కానీ చెప్పడం మొదలుపెడితే నా నోటికి ముందు వచ్చేది ఈ బిళ్ళ సంగతి.

అవి డెబ్బైల చివరి ఏళ్ళు. మండలాలు ఇంకా పుట్టలేదు. తాలూకాకో తాసీల్దారు, ఊరికో మునసబు. వరసగా వానలు తప్పాయి. వేరుశనగ వేసినవాళ్ళకు గింజ కాదు గదా, విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదు. కరువు వార్తలు రాయడంలో ఒక చిక్కుంది, మీకూ ఎప్పుడో ఎదురవుతుంది. మొదటి ఏడు కరువు వార్త, రెండో ఏడు పాత వార్త, మూడో ఏడు అది వార్తే కాదు. "మళ్ళీ ఎండేనా?" అని డెస్కు నుంచి ట్రంకాల్లో విసుక్కునేవారు, ఆ ఎండను నేనే కాయిస్తున్నట్టు. అందుకే కరువు కాని కబురు ఏది దొరికినా మేం దానివెంట పడేవాళ్ళం.

అలాంటి కబురే ఇది. విడపనకల్లు దాటి కన్నడ సరిహద్దుకు ఆనుకున్న ఒక పల్లెలో, కరువు పనుల కింద కుంటలో మట్టి తీస్తుంటే బొమ్మలున్న వెండి బిళ్ళ దొరికిందనీ, మునసబు దాన్ని తాసీల్దారుకు అప్పగించాడనీ. తాలూకా ఆఫీసుకు వెళితే, బిళ్ళ బీరువాలో ఉందని, విచారణ రోజే బయటికి తీస్తామని చెప్పారు. దాంతో నేనూ మా ఫొటోగ్రాఫరూ ఆ పల్లెకే బయల్దేరాం.

మా ఫొటోగ్రాఫరు గురించి ఒక మాట. మనిషి సన్నగా, మాట మందంగా ఉండేవాడు. ఫిల్ము రీలు ఖరీదని ఒక్కో బొమ్మకు పది నిమిషాలు ఆలోచించేవాడు. ఆ ఆలోచనలో మనకు కనపడనివి అతనికి కనపడేవి.

మునసబు మమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. చుట్టూ చేరినవాళ్ళందరిదీ ఒకటే మాట. "కుంటలో దొరికింది సార్." ఎవరు తవ్వారంటే "అందరమూ తవ్వినాం." ఎవరికి దొరికిందంటే "అందరికీ దొరికింది." కుంట చూపించమంటే చూపించారు. ఫొటోగ్రాఫరు కెమెరా కంటికి పెట్టుకుని, మళ్ళీ దించేశాడు.

"ఈడ గడ్డపార పడి ఏడాది దాటిందన్నా," అన్నాడు నా చెవిలో. "నెర్రెల్లో నెర్రెలు పుట్టినాయి చూడు. పైగా ఊరంతా ఒక్క మాటే మాట్లాడతాండారు. మా ఇంట్లో నలుగురం ఉన్నాం, కూరలో ఉప్పు గురించి కూడా ఒక్క మాట మీద నిలబడం."

తిరుగు బస్సు కోసం నడుస్తుంటే దారి పక్కన కంపమోపు దించుకుని ఒకామె నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. నుదుట బొట్టు లేదు.

"పేపరోళ్ళేనా?" అంది. "ఆ బిళ్ళ కుంటలోది కాదన్నా. నా మొగునిది."

ఆమె మమ్మల్ని తన చేనుకు తీసుకుపోయింది. చేని మూలలో నిలువెత్తు గుంత, పూడ్చకుండా వదిలేసి ఉంది. అడుగున బూడిద.

ఆమె భర్తకు ఒంటిమీద తెల్లమచ్చలుండేవి. మా వైపు తొన్ను అంటారు. నొప్పి లేదు, అంటుకునేదీ కాదు. అయినా అతని చేతి నీళ్ళు ఎవరూ తాగేవారు కాదు. అతను పోయినప్పుడు నుదుట రూపాయి పెట్టారు. ఆ రూపాయి గుంత తవ్విన మనిషికి చెందడం ఆ ఊరి ఆచారం. తవ్విన ముసలాయన తొన్ను మనిషి రూపాయి నాకొద్దన్నాడు.

"అప్పుడు నాకు కడుపు మండిందన్నా," అంది ఆమె. "ఇంట్లోకి పోయి గూట్లో ఉన్న సామిని తెచ్చినా. నీ దుడ్లు ఎవురూ ముట్టకపోతే పోనీ, నీ దేవుడే నీతో వస్తాడని నోట్లో పెట్టినా."

ఆ దేవుడే ఈ బిళ్ళ. తొలకరి వాన వెలిసిన మర్నాడు జనం వజ్రకరూరు వైపు చేలల్లో వజ్రాలు వెతకడానికి పోతారు. ఆమె మామ ఏటా పోయేవాడు. వజ్రం ఎన్నడూ దొరకలేదు, ఒక ఏడు ఇది దొరికింది. ఒకవైపు సింహం తలను టోపీలా పెట్టుకున్న మొగవాడి ముఖం. రెండోవైపు పీటమీద కూర్చుని, ఒక చేతిలో గద్ద, ఇంకో చేతిలో పొడుగు కర్ర పట్టుకున్న పెద్దమనిషి. ఆ ఇంట్లో అతన్ని 'కూర్చున్నాయప్ప' అనేవారు. శుక్రవారం శుక్రవారం పసుపూ నూనే పెట్టేవారు.

"మా అత్త తిట్టేది," అని ఆమె కొంచెం నవ్వింది. "ఇంత కరువొచ్చినా లేచి ఒక పని చెయ్యడు, కూర్చునే ఉంటాడు, అని."

తర్వాత కథ మీలో కొందరు వినే ఉంటారు. సరిహద్దుకు అటూ ఇటూ కొన్ని పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది. తొన్ను మనిషిని మట్టిలో పెడితే ఆ ఊరిమీద మబ్బు నిలవదని. వానలు బొత్తిగా తప్పితే అలాంటి సమాధి వెతికి, తవ్వి, లోపలున్నదాన్ని కాల్చేసేవాళ్ళు.

"పట్టపగలే వచ్చినారు. డోలు కొట్టుకుంటా. కిరసనాయిలు ఇంటికింత అని ఎత్తినారు. మా ఇంటికీ వచ్చినారు."

"ఇచ్చినావా?" అన్నాడు ఫొటోగ్రాఫరు, నమ్మలేక.

"ఇయ్యకపోతే సగం కాల్చి పోతారు గదన్నా."



కాల్చినాక వాళ్ళు బూడిద కెలుకుతుంటే బిళ్ళ బయటపడింది. నాదంటే నాదని ఇద్దరు కొట్టుకున్నారు. తల పగిలేదాకా వచ్చేసరికి మునసబు లాక్కున్నాడు. దాచుకుంటే ఊళ్ళో గొడవ, ఇచ్చేస్తే యాడ దొరికిందో చెప్పాల. సమాధి తవ్వడం నేరమని మునసబుకు తెలుసు. అలా పుట్టింది కుంట కథ.

కాలగా మిగిలిన ఎముకలు ఆమె ఏరి ముంతలో పెట్టుకుంది. బిళ్ళ తిరిగొస్తే, దాంతో కలిపి అదే గుంతలో పూడుస్తానంది. "ఆయప్పతో పంపిస్తానని మొగునికి మాటిచ్చినా. నా మాట బూడిదలో పోయింది. బిళ్ళ ఇప్పించన్నా, ఇంకేం వద్దు."

ఇప్పించే దారి ఒకటుంది. భూమిలో దొరికిన పాత సొత్తు సర్కారుకే చెందినా, దాన్ని అక్కడ పెట్టినవాళ్ళు బతికుండి తమదేనని రుజువు చేసుకుంటే వాళ్ళకే ఇచ్చెయ్యాలి. విచారణ పెట్టేది అందుకే. ఆమెకు రెండు రుజువులున్నాయి. మొదటిది పసుపు. "గద్ద రెక్క కింద, అక్షరాల సందున, ఏండ్లనాటి పసుపూ నూనే మడ్డిగట్టి ఉంటాది. కాలితే నల్లబడతాదే గానీ పోదు. సూదితో గీకితే లోపల పచ్చగా వస్తాది." రెండోది ఆ గుంత తవ్విన ముసలాయన.

ఆయన గుడిసె నీడలో కిత్తనార తాడు పేనుతున్నాడు. చూపు చేతిమీదనుంచి ఎత్తలేదు.

"రూపాయి ముట్టలేదు, అది నా తప్పు. ఆయమ్మ బిళ్ళ నోట్లో పెట్టింది చూసినా, అది నిజం. సర్కారు అడిగితే రెండూ చెప్తా."

"ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా పెద్దాయనా?"

"ఊరోళ్ళకందరికీ గుంత తవ్వేది నేనే గదప్పా. నన్ను తరిమితే వాళ్ళు యాడ పండుకుంటారు?"

నేను విన్నదంతా రాసి కవరు రాత్రి బస్సు డ్రైవరు చేతికిచ్చాను. డెస్కు నుంచి ఫోనొచ్చింది. కేసు లేదు, ఫిర్యాదు లేదు, ఒక్కడూ తవ్వామని ఒప్పుకోలేదు, ఏ ఆధారంతో వెయ్యమంటావు? వాళ్ళు అడిగింది తప్పు కాదు. విచారణలో ముసలాయన సాక్ష్యం చెబితే అదే ఆధారం. అప్పటిదాకా ఆగుదామన్నారు.

విచారణకు మాతోపాటు అదే బస్సులో ఇంకొకాయన వచ్చాడు. అనంతపురం కాలేజీలో చరిత్ర లెక్చరరు. బిళ్ళ పాతదో కాదో చెప్పడానికి తాసీల్దారు పిలిపించాడు. ఎదుటివాడు అడిగినదానికి అడిగినంతే చెప్పడం చేతకాని మంచి మనిషి. ఆమె కథంతా చెప్పాను. గుంత, డోలు, కిరసనాయిలు, అన్నీ. సింహం తల టోపీ అనగానే ఆయన సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"చేతిలో గద్దతో కూర్చున్న దేవుడా? అయితే అది గ్రీకు నాణెం కావాలి. ఎక్కడి గ్రీసు, ఎక్కడి వజ్రకరూరు!" కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండి, మళ్ళీ మా వైపు తిరిగాడు. "విచిత్రం చూడండి. గ్రీకులు కూడా పోయినవాళ్ళ నోట్లో నాణెం పెట్టేవారు. పాతాళంలో ఒక నది దాటాలట. దాటించే పడవవాడికి కూలి అది."

"మా జిల్లా మనిషికి ఆ బాధ లేదు సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఏరు ఎండిపోయుంటాది. నడిచి దాటేస్తాడు."

లెక్చరరు నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. "ఆమెకు నేను చేయగలిగింది చేస్తాను," అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను.

తాలూకా ఆఫీసు వరండా నిండిపోయింది. ఊరు ఊరంతా ఒక లారీలో దిగింది. ఆమె ఒక స్తంభం దగ్గర ఒంటరిగా, ముసలాయన మెట్లమీద ఒంటరిగా. తాసీల్దారు చెడ్డవాడు కాదు. గంజి కేంద్రాలు, పశుగ్రాసం, ట్యాంకర్లు, వీటి మధ్య ఈ బిళ్ళ ఒకటి తగులుకుందనే విసుగు మాత్రం ముఖంలో ఉంది. బిళ్ళ తెమ్మన్నాడు.

అటెండరు ఇత్తడి పళ్ళెంలో తువ్వాలు పరిచి తెచ్చాడు. అది అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు తళతళలాడుతోంది. చింతగింజను నలగ్గొట్టినట్టు మందంగా, వంకరగా, తెల్లగా ఉంది.

ఆమె దగ్గరికొచ్చి వంగి చూసింది. గద్ద రెక్క కింద వేలుగోరు పెట్టి గీకింది. గోటికి ఏమీ అంటలేదు.

"తోమినావాప్పా?" అంది అటెండరుతో, మెల్లగా.

"చింతపండేసి తోమినామ్మా. తర్వాత ముగ్గుపిండేసి ఇంగోసారి," అన్నాడు అతను సంతోషంగా. "పట్టుకుంటే మసి. ఎంత గట్టిగా పట్టుకునుండాదో, చేతులు నొప్పి పుట్టినాయి."

తాసీల్దారుకు అర్థం కాలేదు. అర్థమైన మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మసి గట్టిగా ఉండేదని అటెండరు నోటితోనే చెప్పాడు కదా అని నాకు కొంచెం ఆశ కలిగింది. కానీ కుంటమట్టి కూడా నల్లగానే ఉంటుందిగా.

"ఇది పాతదా కాదా, అంత చెప్పండి చాలు," అన్నాడు తాసీల్దారు లెక్చరరుతో.

లెక్చరరు బిళ్ళను అరచేతిలోకి తీసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన ముఖం చూసినవాళ్ళెవరూ ఆయన్ని తిట్టలేరు. బతుకంతా పుస్తకంలో బొమ్మగా చూసింది చేతిలోకి వచ్చింది. పాతదే అన్నాడు. వెయ్యేళ్ళు కాదు, రెండువేల ఏళ్ళు దాటినదన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"వాళ్ళ డబ్బుమీద దేవుళ్ళే ఉండేవారు. ఒక ఊరి నాణెం మీద చదువుల తల్లి, వెనక ఆమె గుడ్లగూబ. ఒక ఊరి నాణెం మీద సముద్రపు దేవుడు. ఇదిగో ఈ సింహం తోలు కప్పుకున్నవాడు హెరాక్లీస్. మహా బలశాలి. ఎవరూ చంపలేని సింహాన్ని చంపి దాని తోలు తలమీద వేసుకున్నాడు."

"మన వీరభద్రునికి చుట్టమా సార్?" అని ఎవరో అంటే జనం నవ్వారు. లెక్చరరూ నవ్వాడు. ఆ నవ్వు ఆయనకు ధైర్యమిచ్చింది.

"ఈ కూర్చున్న సామి దేనికి దేవుడు సార్?" అని అడిగాడు మునసబు.

"ఈయన జ్యూస్. వాళ్ళ దేవుళ్ళందరికీ పెద్ద. ఆకాశమంతా ఈయనదే. మబ్బు, ఉరుము, పిడుగు, వాన, అన్నీ ఈయన చేతిలోవే."

కరువు సీమ జనానికి తీపి కబురు చెప్పానన్నట్టు ఆయన చుట్టూ చూశాడు.

నవ్వులు ఆగిపోయాయి. వెనకనుంచి ఒక ముసలామె గొంతు వినపడింది. "వాన సామా?"

"ఔనమ్మా, వాన దేవుడే."

"వానసామిని పూడ్చిపెట్టుకుని, మనం ఆకాశంలో మోడాల తట్టు చూస్తాండామా ఇన్ని దినాలు?"

ఒక్కొక్క తలా స్తంభం వైపు తిరిగింది. సర్కారు ముందు ఆ బిళ్ళ కుంటలోనే దొరికింది. వాళ్ళ కళ్ళల్లో మాత్రం అది దొరికిన చోటే దొరికింది. తొన్ను మనిషి నోట్లో, పళ్ళ కింద, వాన దేవుడు.

నేను ఎన్నో గుంపుల్ని చూశాను. అరిచే గుంపు గురించి పెద్దగా భయపడనక్కర్లేదు. ఆ రోజు వరండాలో ఒక్కరూ అరవలేదు.

మునసబు గొంతులో తేనె పోసుకుని అన్నాడు. "చెప్పమ్మా. ఆ బిళ్ళ నీదేనంటే నీదే. వానసామి ఇన్నాళ్ళూ మీ ఇంట్లోనే ఉన్నాడంటే ఊరికంతా సంతోషమే గదా. ఆయన్ని యాడ పెట్టినావో అది గూడా చెప్పు."

మెట్లమీద ముసలాయన చేతికర్ర ఆనించుకుని లేచాడు.

"నేను చూసినా సామీ. తవ్విందీ నేనే, చూసిందీ నేనే. ఆయమ్మ ఆ పొద్దు..."

"పెద్దాయనకు కండ్లు అగపడవు సామీ," అంది ఆమె. గొంతు గట్టిగానే ఉంది. "ఏదో చూసి ఏదో అనుకుంటాడు. ఆ బిళ్ళ నాది కాదు."

తాసీల్దారు కలం ఆపాడు. "నువ్వే కదమ్మా నాది నాది అని వచ్చావు?"

"మా ఇంట్లో ఉన్నింది రాగిబిళ్ళ సామీ. ఇది తెల్లగుండాది."

"ఏమ్మా నువ్వు..." అని ముసలాయన ఇంకేదో అనబోయాడు.

"కూర్చో పెద్దాయనా," అంది ఆమె. "కాళ్ళు నొప్పి పుడతాయి."

తాసీల్దారు కొంచెం సేపు ఆమెనే చూశాడు. ఏదో ఉందని ఆయనకూ తట్టినట్టుంది. బిళ్ళను తీసి ఆమె చేతిలో పెట్టి, "బాగా చూసి చెప్పు. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఔనని రాకూడదు," అన్నాడు.

ఆమె చూసింది. సింహం తల వైపు తిప్పలేదు. కూర్చున్నాయన వైపే పట్టుకుని, ఇన్నేళ్ళూ శుక్రవారం పసుపు పెట్టిన చోట బొటనవేలితో ఒకసారి రాసింది.

"ఈయప్ప ఎవురో నాకు తెలీదు సామీ," అని తిరిగిచ్చేసింది.

వేలిముద్ర వేయించుకున్నారు. లారీ నిండా జనం ఎక్కి వెళ్ళిపోయారు. బిళ్ళ హైదరాబాదు వెళ్ళిపోయింది. మా పత్రికలో లోపలి పేజీలో ఫొటోతో సహా పడింది. కరువు పనుల్లో గ్రీకు నాణెం, కుంటలో బయటపడ్డ ప్రాచీన వైభవం. డెస్కు మెచ్చుకుంది. చాన్నాళ్ళకు కరువు కాని వార్త పంపావని.

ఆమె గురించి రాయడానికి ఇక ఆధారం లేదు. ఆధారం కావలసిన మనిషే కాదనేసింది. ఆ ఏడు వాన కూడా రాలేదు.

తిరుగు బస్సు గుత్తి రోడ్డు ఎక్కాక లెక్చరరు, "వానదేవుడని చెబితే వాళ్ళకు సిగ్గు వేస్తుందనుకున్నాను," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "చేసింది ఎంత పాడుపనో తెలుస్తుందనుకున్నాను," అన్నాడు. ఫొటోగ్రాఫరు ఆయనకు బీడీ ఇచ్చాడు. ఆయన బీడీ కాల్చడు. అయినా తీసుకుని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ఇదంతా చెప్పి, మధ్యలో ఒకటి వదిలేశాను. బస్సెక్కే ముందు సంగతి. ఆమె లారీ ఎక్కలేదు. ముసలాయనా ఎక్కలేదు. బస్టాండులో చెరొక మూలా కూర్చుని ఉన్నారు. ముసలాయన దగ్గరికి వెళితే ముఖం తిప్పుకున్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళాను. విలేకరి బుద్ధి, అడగకుండా ఉండలేదు.

"ఎందుకమ్మా అట్లా చెప్పావు? ముసలాయన చెబుతానే ఉన్నాడు కదా."

"పెద్దాయన చెప్తే సర్కారు నమ్ముతాది. ఊరు గూడా నమ్ముతాది," అంది. "వానసామిని మట్టిలో పెట్టింది నేనని తేలినాంక, రేపు నేను పోతే నన్ను మట్టిలో ఉండనిస్తారా? ఆ పెద్దాయన్నే పిలిచి తవ్వమంటారు."

హైదరాబాదుకు అర్జీ పెట్టుకోవచ్చనీ, లెక్చరరు సాయం చేస్తాడనీ, నాకు తోచిన నాలుగు మాటలు చెప్పాను. బిళ్ళ ఎప్పటికైనా తిరిగి తెప్పించవచ్చన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు కాదు, దుమ్ము.

"తెస్తే మటుకు యాడ పెట్టాలన్నా?" అంది. "ముంతలో ఎముకలన్నీ వెతికినా. నోరు యాడుండాది?"